తెనాలి ఫైనల్ గురించి నేను చెప్పిన తీరు

మా అన్నయ్య దేవదానం పోయిన పది రోజులకి రేపల్లెలో ఇంటి ముందే షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పి, ప్రార్థన చేసి కూర్చున్నాక, తమ్ముడిగా నాలుగు మాటలు చెప్పమని మైకు నా చేతికిచ్చారు. నేను లేచి నిలబడ్డానో లేదో, వెనక వరసలోంచి అన్నయ్యతో ఫుట్‌బాల్ ఆడిన పాతాయన ఒకరు "ఆ తెనాలి రైలు సంగతి చెప్పు రత్నం" అన్నాడు. కూర్చున్నవాళ్లలో సగం మంది మొహాలు అప్పుడే నవ్వుకి సిద్ధమయ్యాయి. ఆ సంగతి వాళ్లందరికీ తెలుసు. అన్నయ్య పెళ్లిలో చెప్పాను, ఆయన రిటైరైన రోజు ఆఫీసులో చెప్పాను, నా దగ్గర ఆట నేర్చుకున్న పిల్లలకి ప్రతి టోర్నమెంటు ముందూ చెప్పాను. నలభై ఏళ్లకి పైగా చెప్పి చెప్పి, ఎక్కడ ఆగితే జనం నవ్వుతారో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా నాకు అలవాటైపోయింది. ఆ రోజు మాత్రం "నాకు ఆట నేర్పింది మా అన్నయ్యే" అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాను. దుఃఖం ఆగక కూర్చున్నాననుకుని పక్కాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. దుఃఖం ఉంది, లేదనను. కానీ ఆ కథని ఇన్నాళ్లూ నేను చెప్పిన తీరే తప్పని అప్పటికే నాకు తెలుసు. జనాన్ని నవ్వించకుండా దాన్ని చెప్పడం నాకు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఫుట్‌బాల్ ఆడి బతికినవాణ్ణి. పన్నెండేళ్లు కలకత్తాలో డిఫెండర్‌గా ఆడి, తర్వాత బాపట్ల వచ్చి పాతికేళ్లకి పైగా కోచ్‌గా ఉన్నాను. దానికంతటికీ మొదలు రేపల్లెలో కాలవ గట్టు దగ్గర మా రెండు గదుల పెంకుటిల్లు. నాన్న ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఇంకా చీకటి ఉండగానే లేచి, లాంతరు వత్తి పెంచి, మా ఇద్దరి కాళ్లూ తట్టి లేపి కీర్తన ఎత్తుకునేవాడు. ఆయన గొంతు బొంగురు. అయినా మొదటి చరణం ఆయనే పాడాలి, రెండోది అమ్మ అందుకోవాలి. ప్రార్థన అయ్యాక ఇత్తడి చెంబులో నిప్పులు పోసుకుని, ఉన్న రెండు చొక్కాల్లో ఒకటి ఇస్త్రీ చేసుకునేవాడు. ఆ వేడికి గుడ్డలోంచి లేచే గంజి వాసన, అమ్మ పొయ్యిలో పిడకల పొగ, పక్కింటివాళ్లు వేయించే ఎండు చేపల వాసన, వీటన్నిటినీ మించి ఆముదం వాసన. మా ఇంట్లో ఆముదం తలకి రాసుకునేదానికన్నా బంతికి రాసేది ఎక్కువ. అప్పటి బంతి తోలుది. లోపల బ్లాడరు, పైన బూటుకి ఉన్నట్టు లేసు. తడిస్తే నీళ్లు తాగి బరువెక్కేది, ఎండితే తోలు బిగుసుకుని గట్టిపడేది. అందుకని అన్నయ్య రోజూ పొద్దు గుంకే వేళ గడప మీద కూర్చుని, బిడ్డకి నలుగు పెట్టినంత శ్రద్ధగా దానికి ఆముదం పట్టించేవాడు. ఆదివారం మాత్రం బంతి ముట్టుకోకూడదని నాన్న నియమం. శనివారం సాయంత్రమే అది అటకెక్కేది.

అన్నయ్య నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. పొడుగరి, మెతక మనిషి. కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడు. ఆయన జ్ఞాపకశక్తి గురించి మా పేటంతా చెప్పుకునేవాళ్లు. వాక్యాలు కంఠస్థం చెప్పే పోటీల్లో చిన్నప్పటి నుంచీ ఆయనదే మొదటి బహుమతి. ఎంత పెద్ద కీర్తన అయినా పుస్తకం చూడకుండా ఒక్క మాట తడుముకోకుండా చెప్పేవాడు. ఏ ఇంట్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరి పొలం కాగితం ఏ సంవత్సరంలో రాశారో ఆయన్ని అడిగేవాళ్లు. ఆటలో ఆయన స్టాపర్. అంటే డిఫెన్సు మధ్యలో నిలబడి, మన గోలు మీదకి గాల్లో వచ్చే ప్రతి బంతినీ ఎగిరి తలతో కొట్టి బయటికి పంపాల్సినవాడు. కాలితో ఆడడం ఎవరికైనా వస్తుంది, స్టాపర్‌కి కావాల్సింది నుదురు అనేవాడు. ఎత్తు పెరుగుతున్నానని నన్ను కూడా అందులోకే దించాడు.

నాకు పద్నాలుగో ఏట మొదలైంది ఈ సాధన. వసారా దూలానికి తాడు కట్టి, వల సంచీలో బంతి పెట్టి, నా తలకి జానెడు ఎత్తున వేలాడదీసేవాడు. స్కూలుకి వెళ్లే ముందు యాభై, వచ్చాక యాభై. ఎగరాలి, నుదుటితో కొట్టాలి, కళ్లు మూయకూడదు. పొడి బంతితో కొట్టడం నేర్చుకుంటే వానలో పనికిరావని, వేలాడదీసే ముందు దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి కాసేపు ఉంచేవాడు. లేసు ఉన్న వైపు తగిలితే నుదురు చీరుకునేది. ఆ మొదటి రోజుల్లో అమ్మ చేటలో బియ్యం పట్టుకుని వసారాలోకి వచ్చి చూసి, "అది తలకాయరా దేవదానం, కొబ్బరికాయ కాదు" అంది. అలవాటైపోద్దమ్మా అని అన్నయ్య నవ్వాడు. అలవాటైంది కూడా. నెల తిరిగేసరికి నొప్పి తెలియడం మానేసింది. ఒక్కోసారి గట్టిగా తగిలినప్పుడు కళ్ల ముందు తెల్లగా మెరిసి, చెవిలో సన్నగా కూత వినిపించేది. అన్నయ్యకి చెబితే, బంతి సరైన చోట తగిలిందనడానికి అదే గుర్తన్నాడు. ఆయన మోసం చేసి చెప్పలేదు. ఆయనకి నేర్పినవాళ్లు ఆయనకీ అదే చెప్పి ఉంటారు. ఆ తర్వాత నేనూ ఎంతమందికో అదే చెప్పాను.

ఒక్క మాట చెప్పాలి. ఆ మూడేళ్లలో అన్నయ్య నన్ను కసరలేదు, కొట్టలేదు. తప్పు చేస్తే తనే పక్కన నిలబడి పదిసార్లు కొట్టి చూపించేవాడు. అంటే నా వందకి తోడు ఆయన తల మీద కూడా రోజూ అన్ని దెబ్బలు. సాధన అయ్యాక ఇద్దరం గడప మీద కూర్చుని చద్దన్నం తినేవాళ్లం. ఇంట్లో కోడి పెట్టిన గుడ్డు ఒకటుంటే అది నా గ్లాసులోకి పోసేవాడు. తనకి అక్కర్లేదని, తను పెరగడం అయిపోయిందని అనేవాడు.

నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా తెనాలి టోర్నమెంటు వచ్చింది. ఊరి టీములో ఆయన స్టాపర్, నేను రైట్ బ్యాక్. అన్నదమ్ములం పక్కపక్కన ఆడిన మొదటి ఫైనల్ అది. అవతల గుంటూరు టీము. పొద్దుటి నుంచీ వాన. గ్రౌండు సగం బురద, బంతి నీళ్లు తాగి రోకలి బండలా ఉంది. మొదటి సగంలోనే మాకు ఒక గోలు వచ్చింది, ఇక దాన్ని కాపాడుకోవడమే పని. రెండో సగంలో వాళ్లకి కార్నర్ వచ్చింది, గ్రౌండు మూల నుంచి బంతిని మా గోలు ముందుకి ఎత్తుగా తన్నారు. అన్నయ్య, వాళ్ల ఫార్వర్డూ ఒకేసారి ఎగిరారు. అన్నయ్య బంతిని కొట్టాడు, ఆ ఫార్వర్డు తల వచ్చి అన్నయ్య కణతకి కొట్టుకుంది. ఆయన చేతులు అడ్డం పెట్టుకోకుండా వెల్లకిలా పడ్డాడు. అందరికన్నా ముందు చేరినవాణ్ణి నేను. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను మాత్రం చూడడం లేదు. ఎవరో బకెట్‌తో నీళ్లు తెచ్చి మొహాన పోశారు. కాసేపటికి లేచి కూర్చుని, నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. నిలబడి నెమ్మదిగా అడిగాడు.

"మన గోలు ఏ వైపురా?"

నేను ఆయన్ని భుజాలు పట్టుకుని మా గోలు వైపు తిప్పాను. "అటు అన్నయ్యా. ఇంకెంతో సేపు లేదు, ఆడేయ్" అన్నాను. ఆయన తలూపి వెళ్లి తన చోట నిలబడ్డాడు. ఆ తర్వాత కూడా వచ్చిన ప్రతి బంతికీ ఎగిరాడు. నాలుగో అయిదో తలతో కొట్టాడు. ఒక్కటీ తప్పలేదు. గెలిచాం. ఆయన్ని బయటికి తీసుకెళ్లమని నేను ఒక్క మాట అని ఉంటే మా వాళ్లు వినేవాళ్లు. ఆ ఆలోచనే నాకు రాలేదని చెప్పుకోవాలనుంది. కానీ వచ్చింది. ఆయన లేకపోతే గోలు పడుతుందని కూడా వచ్చింది.

తిరుగు ప్రయాణం రేపల్లె ప్యాసింజరులో. నేను అందరికీ చెప్పేది ఈ భాగమే, తలకి తగిలిన దెబ్బ ఊసు పెద్దగా ఎత్తకుండా. గెలిచిన కప్పు అన్నయ్య ఒళ్లోనే ఉంది. రైలు తెనాలి దాటాక, "ఎవరు గెలిచార్రా?" అని అడిగాడు. పరాచికమనుకున్నాం. మనమే అని చెబితే సంతోషంగా నవ్వాడు. వేమూరులో మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాం, మళ్లీ అంతే సంతోషంగా నవ్వాడు. భట్టిప్రోలు వచ్చేసరికి పెట్టెలో అందరూ ఆయన ఎప్పుడు అడుగుతాడా అని కాచుకుని కూర్చున్నారు. అడగ్గానే కోరస్‌గా జవాబు చెప్పి పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకడు సరదాకి గుంటూరు వాళ్లు గెలిచారన్నాడు. అన్నయ్య మొహం వాడిపోయింది. ఒళ్లో కప్పుని రెండు చేతులతో పట్టుకునే, "అయ్యో" అన్నాడు. ఆ మొహం ఎలా వాడిపోయిందో నేను చేసి చూపించేవాణ్ణి. పెళ్లి పందిట్లో చేసి చూపిస్తే జనం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. చివర్లో గొంతు తగ్గించి, 'ఎవరు గెలిచారో తెలియని స్థితిలో కూడా ఏ వైపు కాపాడాలో మా అన్నయ్యకి తెలుసు, ఆటగాడంటే అదీ' అని ముగించేవాణ్ణి. అప్పుడు చప్పట్లు.

నేను చెప్పకుండా దాటేసినవి ఇవి. పల్లెకోన దగ్గర ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకున్నాడు. రేపల్లెలో దిగేటప్పుడు మెట్టు కనపడక పడబోయాడు. ఇంటికొచ్చాక అమ్మ శొంఠి అరగదీసి నుదుటి నిండా పట్టు వేసింది. మర్నాడు తెల్లవారుజామున నాన్న కీర్తన ఎత్తుకున్నా ఆయన లేవలేదు. మా ఇంట్లో ఒక మనిషి లేకుండా ప్రార్థన జరగడం నాకు తెలిసి అదే మొదటిసారి. మధ్యాహ్నానికి గానీ కళ్లు విప్పలేదు. నాన్న ఆసుపత్రికి తీసుకెళదామన్నాడు. ఏమీ లేదు, వానలో తడిశానంతే అన్నాడు అన్నయ్య. నేనూ అదే అన్నాను. మూడో రోజు బంతి మళ్లీ దూలానికి వేలాడింది. కలకత్తాలో రైల్వే ఉద్యోగం చేస్తూ ఒక క్లబ్బుకి కుర్రాళ్లని చూసిపెట్టే తెలుగాయన ఒకరు ఆ ఫైనల్ చూశాడు. అన్నయ్యకి వయసు మీరిందని, తమ్ముణ్ణి పంపిస్తే చూస్తామని కబురు చేశాడు. నెల రోజులు గడువు. ఆ నెలంతా అన్నయ్య నా పక్కనే నిలబడి ఎగిరాడు.

ఇల్లు అప్పటి నుంచి శొంఠి వాసన వేసింది. ఆఫీసు నుంచి రాగానే ఆయన తలుపు మూసుకుని, కళ్ల మీద తడి తువ్వాలు వేసుకుని పడుకునేవాడు. ఎండలోకి వస్తే కళ్లు చికిలించేవాడు. ఒక రోజు సాధనలో నేను బంతి వస్తుంటే కళ్లు మూశాను. ఆయన నా చెంప మీద కొట్టాడు. నాకు నొప్పి కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. ఆయనకి ఇంకా ఎక్కువైనట్టుంది, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు తన అరచెయ్యి తిప్పి చూసుకుంటూ నిలబడ్డాడు. నేను కలకత్తా బయల్దేరే ముందు వచ్చిన క్రిస్మస్ కూడికలో కంఠస్థం చెప్పడానికి లేచి, సగంలో ఆగిపోయాడు. చిన్నప్పటి నుంచీ నిద్రలో కూడా చెప్పగలిగిన వాక్యం. ఆడవాళ్ల వరసలోంచి అమ్మ తర్వాతి మాట అందించింది. ఆయన దాన్ని అందుకుని పూర్తి చేశాడు. ఆ మాట అందించేటప్పుడు అమ్మ గొంతు ఎలా ఉందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. తర్వాత ఆయన కంఠస్థం చెప్పడానికి లేవలేదు.

నేను కలకత్తా వెళ్లిపోయాను. మెస్సులో ఎనిమిది మందికి ఒక గది, ఆవనూనె వంటలు, ఎడతెగని వానాకాలం, ముప్పై వేల గొంతులు ఒక్కసారిగా లేచే గ్రౌండు. రెండుసార్లు ముక్కు విరిగింది, ఒకసారి దవడ. గాల్లో నన్ను దాటి బంతి పోదని పేరొచ్చింది. పత్రికల్లో ఫోటో వస్తే కత్తిరించి నాన్నకి పంపేవాణ్ణి. ఆయన దాన్ని అన్నం మెతుకులతో పాత అట్లాసులో అంటించేవాడు. సెలవుల్లో వస్తే అన్నయ్య నా ఆట గురించి అడిగేవాడు. అడిగినవే మళ్లీ అడిగేవాడు. నామీద ప్రేమ కొద్దీ అడుగుతున్నాడనుకున్నాను. ఆయన ఊరి టీముకి ఇంకో ఏడేళ్లు ఆడాడు. మధ్యలో సుగుణ వదినని చేసుకున్నాడు. ఆఫీసులో మాట పడడం, ఇంట్లో పళ్లెం విసరడం, గంట తర్వాత ఏమీ జరగనట్టు కూర్చోవడం, ఇవన్నీ వదిన ఉత్తరాల్లో ఉండేవి. మీ అన్నయ్యకి పొగరెక్కిందని ఆవిడ రాసేది. నేను ఓర్చుకోమని జవాబు రాసేవాణ్ణి.

మోకాలు అరిగాక బాపట్ల వచ్చి కోచ్‌నయ్యాను. నాకు తెలిసిన ఆట అన్నయ్య నేర్పిన ఆటే, అదే నేర్పాను. గోలు స్తంభానికి అడ్డకర్ర కట్టి బంతులు వేలాడదీశాను. నా పిల్లల మీద కార్నర్‌కి గోలు వేయడం కష్టమని జిల్లా అంతా అనేవాళ్లు. అది విని గర్వపడ్డాను.

అన్నయ్యకి అరవై దాటాక మరుపు అందరికీ తెలిసేలా బయటపడింది. సంతకి వెళ్లి తిరిగి రాలేక రైల్వే స్టేషన్లో కూర్చుని ఉండేవాడు. నన్ను నాన్న పేరుతో పిలిచేవాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం మర్చిపోయి, వదిన పెడుతుంటే ఆవిణ్ణి తోసేసేవాడు. గుంటూరులో పెద్ద డాక్టరుకి చూపించడానికి ముగ్గురం వెళ్లాం. డాక్టరు చిన్నవాడు, మర్యాదగల మనిషి. అన్నీ రాసుకుంటూ, తలకి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా, బండి మీద నుంచి పడడం లాంటిది ఏమైనా జరిగిందా అని అడిగాడు.

"లేదండి, ఆయన బండే తోలరండి" అంది వదిన.

నేను ఆవిడ పక్క కుర్చీలో ఉన్నాను. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. బురద, బకెట్టు నీళ్లు, నా చేతుల కింద ఆయన భుజాలు, మొత్తం వచ్చింది. నోరు విప్పితే, తర్వాత ఏం చేశారు, ఆట ఆపించారా అని అడుగుతాడు. నేను డాక్టరు బల్ల మీద పెన్నుల స్టాండు చూస్తూ కూర్చున్నాను. వారం తర్వాత ఒక్కణ్ణే బస్సెక్కి గుంటూరు వెళ్లి చెప్పాను. డాక్టరు చాలాసేపు విన్నాడు. ఒక మనిషికి ఫలానా దెబ్బ వల్లే ఇలా అయిందని ఎవరూ తేల్చి చెప్పలేరని, కాదని కూడా చెప్పలేరని అన్నాడు. పసి తలల మీద రోజూ ఆ దెబ్బలు మంచివి కావని మాత్రం తేల్చే చెప్పాడు. మీకెలా ఉంటోందని నన్ను అడిగాడు. ఈ వయసులో అందరికీ ఉన్నంత మరుపే ఉందన్నాను. దాన్ని కూడా రాసుకున్నాడు.

ఆ నెలలోనే గ్రౌండులో వేలాడే బంతులు విప్పేశాను. చిన్న పిల్లల్ని తలతో ఆడనివ్వలేదు, పెద్దవాళ్లకి బాగా తగ్గించాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే తెనాలి సంగతి జరిగింది జరిగినట్టు చెప్పాలి. రెండు సీజన్లు వరసగా కార్నర్ల మీదే ఓడిపోయాం. తల్లిదండ్రులు అసహనపడ్డారు. మాస్టారు పెద్దవారైపోయారు, పాత పట్టు లేదు అనుకున్నారు. చివరికి టీము కమిటీవాళ్లు శాలువా కప్పి, విశ్రాంతి తీసుకోండి అన్నారు. నేను దండం పెట్టి ఇంటికొచ్చాను.

ఆదరణ కూడిక అయిపోయి, షామియానా విప్పుతున్నప్పుడు వదిన వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని ఉంది. నేను కింద కూర్చుని అంతా చెప్పాను. వాంతి సంగతి, చూపు ఆనక తడబడిన మెట్టు సంగతి, ఏ వైపని అడిగితే నేను తిప్పి నిలబెట్టిన సంగతి, గుంటూరులో నోరు మూసుకున్న సంగతి. ఆవిడ వింటూ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఆ మ్యాచ్ ఆయనకి అసలు గుర్తులేదు రత్నం. పెళ్లైన కొత్తలోనే నాతో అన్నారు. నువ్వు చెబుతుంటే విని, తనూ నవ్వేవారు" అంది.

నేను తల వంచుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. తెలిసినా అప్పుడు చేసేదేం ఉండేది కాదులే వదినా అని నేనే ఏదో గొణిగాను. ఆవిడ నా వైపు చూసింది.

"నేనాయన్ని తిట్టకపోదును. ముప్పై ఏళ్లు తిట్టాను. పొగరనుకున్నాను, నిర్లక్ష్యమనుకున్నాను. బాగోలేదని తెలిస్తే మనిషిని తిడతామా?"

ఆ మాట అని లేచి, వచ్చిన చుట్టాలకి కాఫీలు కలపడానికి లోపలికి వెళ్లింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. వదిన పోగొట్టుకున్నదాని గురించి నాకు అంతవరకూ ఆలోచనే రాలేదు. ముప్పై ఏళ్ల ఓర్పు ఆవిడ దగ్గర ఉంది, దాన్ని వాడడానికి ఒక్క కారణం నేను ఇవ్వలేదు.

బాపట్ల వచ్చాక, నా దగ్గర స్టాపర్లుగా ఆడినవాళ్ల పేర్లు గుర్తున్నంత మేరకు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లడం మొదలుపెట్టాను. తలనొప్పులుంటే దాచుకోవద్దని, మరుపు వస్తే ఇంట్లోవాళ్లకి చెప్పమని, డాక్టరు అడిగితే బంతి సంగతి చెప్పమని. బాపట్లలోనే ఒక కానిస్టేబుల్ నవ్వి, మీరు నేర్పబట్టే కదా సార్ ఈ ఉద్యోగం అన్నాడు. ఆ మాట నిజం. చేబ్రోలులో జిరాక్సు షాపు పెట్టుకున్నతను షట్టరు సగం దించి మొత్తం విన్నాడు. విని, మా ఆవిడకి మాత్రం చెప్పకండి సార్ అన్నాడు. నాకు అతనిలో నేను కనపడ్డాను. ఇప్పటి బంతులు తేలిక, వానలో నీళ్లు తాగవు, పిల్లలు నీళ్ల సీసాలతో, మెత్తని బూట్లతో తల్లుల స్కూటీల మీద దిగుతున్నారు. తల తగిలితే బయట కూర్చోబెట్టాలన్న నియమాలూ వచ్చాయి. మా రోజులకన్నా నయం. అయినా ఫైనల్లో కార్నర్ వచ్చినప్పుడు బయట నిలబడ్డ పెద్దవాళ్ల కళ్లు మా రోజుల్లో ఉన్నట్టే ఉంటాయి.

ఆఖరున సునీత దగ్గరికి వెళ్లాను. నేను తయారుచేసిన ఆడపిల్లల్లో అంత మంచి స్టాపర్ లేదు. రాష్ట్రం తరఫున ఆడి, ఇప్పుడు స్టూవర్టుపురం దాటాక ఒక హాస్టలు స్కూల్లో పీఈటీ టీచరుగా చేస్తోంది. సాయంత్రం గ్రౌండులో పిల్లలు ఆడుతుంటే, లైను బయట రెండు కుర్చీలు వేయించి నన్ను కూర్చోబెట్టింది. నేను చెప్పినదంతా గ్రౌండు మీద నుంచి చూపు తిప్పకుండానే విన్నది. తనకి నెలకి రెండుసార్లు తలనొప్పి వస్తుందని, చూపించుకుంటానని అంది. తర్వాత అడిగింది.

"నా సంగతి సరే సార్. సోమవారం ఈ పిల్లలకి స్పోర్ట్స్ అకాడమీ సెలెక్షన్. తీసుకుంటే డిగ్రీ దాకా చదువు, తిండి వాళ్లే చూస్తారు. కార్నర్ వస్తే వీళ్లని ఏం చేయమంటారు? పక్కకి తప్పుకోమననా?"

వాళ్లలో ఎక్కువమంది కూలి పనులకి వెళ్లే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. తక్కువ చేయించమన్నాను. తక్కువే చేయిస్తున్నానంది. సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. అటు మూల నుంచి ఒక పిల్ల కార్నర్ తన్నింది. బంతి ఎత్తుగా వంపు తిరిగి గోలు ముందుకి వచ్చింది. నల్లగా, బక్కగా, పదిహేనేళ్లుంటాయేమో, స్టాపర్ చోటులో ఉన్న పిల్ల రెండడుగులు వెనక్కి వేసి, సరైన క్షణం దాకా ఆగి, అందరికన్నా పైకి లేచింది. నుదుటి మధ్యతో కొట్టింది. బంతి సగం గ్రౌండు దాటి పడింది. అంత చక్కగా ఎగిరిన మనిషిని నేను చూసి చాలా ఏళ్లయింది.

సునీత తల తిప్పి నా వైపు చూసింది. నేను చప్పట్లు కొడుతున్నానని అప్పుడే నాకు తెలిసింది.

ఆమె విజిల్ ఊదింది. పిల్లలు మళ్లీ ఎవరి చోట్లలోకి వాళ్లు వెళ్లి నిలబడ్డారు.